ఇప్పచెట్టు నేర్పిన పొదుపు

పొదుపనగా చవుకగా కొనుటయని మనము తలంతుము. కొననక్కరలేకుండ చేసికొనుట అంతకన్న మేలు. 1959లో తూర్పుగోదావరి నుండి ఖమ్మం జిల్లాలో చేరిన భద్రాచలం అడవులలోని కోయవారి సంసారము ఇందుకు తార్కాణము.

వేసవి ఆరంభమున రాలిన ఇప్పపూవును ఏరి, యెండబెట్టి, తిండిగింజలు తరిగిన దినములకు దాచుకొనెడివారు. పిమ్మట ఇప్పగింజలను దంచి పిండిన నూనె వంటకును దీపమునకును ఉపకరించెడిది. అడ్డాకులు విస్తళ్లయ్యెడివి. ఇక సంతలో ముఖ్యముగా కొనవలసినవి ఉప్పు, బట్టలు. గింజలన్నియు వర్తకునికి అమ్మివేసిన యింట మాత్రము నూనె కూడ కొనుగోలు సరుకే యయ్యెడిది. కనుక ముందు ఇంటికి, మిగిలినది సంతకు అనునదే అచ్చటి లెక్క.

అయితే అడవిలో అడుగిడనిచ్చిననే గదా ఈ లెక్క సాగుట! చిన్నతరహా అటవీ ఫలసాయమును సేకరించి అమ్ముకొను హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టము గుర్తించినది. ఆ హక్కే వారి పొదుపునకు మూలధనము.