నరము కాని నరము

జనగామ జిల్లాలోని తరిగొప్పుల వైపు వరినాట్లు, ప్రత్తితీతలు సాగు దినములలో మణికట్టు పట్టుకొని కూర్చున్న వారిని పలుకరించినచో "నరం పట్టింది" అందురు. తాటిచెట్టెక్కి కల్లు గీయువారికి మోచేయి నొచ్చినను అదే మాట. సూదిమందు వేయునపుడు చేతిపై వెదకునది నరమే. పక్షవాతములో పడిపోయినదియు నరమే. మడమ వెనుక త్రాడువలె వ్రేళ్ళకు తగులునదియు నరమే. రక్తనాళము, నాడి, స్నాయువు అను మూడింటికి మన వాడుకలో ఒకే మాట చెల్లుచున్నది. ఇందుకు పల్లెవారిని చూచి నవ్వనక్కరలేదు. పాశ్చాత్య వైద్యమునకు పదునాలుగు వందల ఏండ్లు పెద్దదిక్కుగా నిలిచిన గాలెన్ కూడ ఇచటనే తడబడెను.

స్నాయువనగా కండరమును ఎముకకు కట్టివేయు తెల్లని త్రాడు. తాను ముడుచుకొనదు, కండరము లాగిన లాగుడును ఎముకకు అందించును. గ్రీకులు దీనిని 'న్యూరాన్' అనిరి. తరువాత నాడులను కనుగొన్నపుడు వానికిని ఆ పేరే పెట్టిరి. క్రీ.శ. 2వ శతాబ్దిలో పెర్గమము పట్టణమున ఖడ్గయోధుల గాయములకు మందు వేసిన గాలెన్, నాడుల పోగులు స్నాయువులో కలిసియుండునని తలచెను. కనుక దానిని సూదితో గ్రుచ్చినచో ఈడ్పులు వచ్చునను భయము శస్త్రవైద్యులలో నాటుకొనెను. స్నాయువును కుట్టవచ్చునని ఇబ్న్ సీనా వంటివారు చెప్పినను ఆ భయము పూర్తిగా తొలగలేదు. తెగిన వ్రేళ్ళు అట్లే వంకరపోయినవి. 1752లో గొట్టింగెన్‌లోని ఆల్బ్రెక్ట్ ఫాన్ హాలర్, జంతువుల స్నాయువులను గ్రుచ్చినను కాల్చినను అవి నొప్పి ఎరుగవని ప్రకటించెను. ఆయన మాట కొంత అతిశయోక్తియే. స్నాయువులో నాడులు కొద్దిగా కలవు. అయినను పాత భయము అంతటితో సడలెను.

మన సుశ్రుత సంహిత ఈ విషయములో మెలకువ చూపినది. సిరలను, ధమనులను, స్నాయువులను, కండరలను వేరువేరుగా లెక్కించి, స్నాయువులు 900, కండరలు 16 అని చెప్పినది. భుజము వెనుకనుండి వ్రేళ్ళవరకు పోవు కండరలు చెడి చేయి పనికి రాకుండుటను 'విశ్వాచి' అనినది. (ఆ కండరయే నేటి తెలుగులో 'కండరము'గా మారి మాంసపు కండకు పేరైనది. పేర్ల చిక్కు మనలను వదలదు!) స్నాయువులందు తీవ్రమైన నొప్పికి అగ్నికర్మమును విధించినది. ఊళ్ళలో నొప్పిపై వాతలు పెట్టు ఆచారమునకు దీనితో చుట్టరికము కలదని నాకు తోచును. ఫలితమెట్లున్నను మచ్చ మాత్రము నిలుచును.

ఈ నొప్పికి, చేయు పనికి గల సంబంధమును ఐరోపాలో మొదట గట్టిగా పట్టుకొన్నవాడు ఇటలీ వైద్యుడు రామజ్జీని. ఎడతెగక వ్రాయు లేఖకుల చేయి చచ్చుబడుటను ఆయన వర్ణించెను. 1895లో స్విట్జర్లండు శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ ద కెర్వెయిన్, బొటనవ్రేలి మొదట స్నాయువు తొడుగు మందగించి బిగిసిపోవు వ్యాధిని వివరించెను. నేటికిని అది ఆయన పేరనే చెల్లుచున్నది.

ఇక రెండవ పొరపాటు. ఈ నొప్పులన్నిటికి 'టెండనైటిస్', అనగా స్నాయువు వాపు, అను పేరు స్థిరపడెను. వాపన్న తరువాత వాపు తగ్గించు మందు వేయవలెను గదా! 1949లో కార్టిజోను కీళ్ళవాతముపై చూపిన ప్రభావము లోకమునకు తెలిసెను. మరుసటి సంవత్సరమే దానికి నోబెల్ బహుమానము వచ్చెను. 1951 నుండి హైడ్రోకార్టిజోనును నేరుగా కీళ్ళలోనికి ఎక్కింపసాగిరి. పిదప నొచ్చు స్నాయువుల చెంతను అదే సూది. నొప్పి మంత్రించినట్లు పోయెడిది. కొన్ని నెలలకు తిరిగి వచ్చెడిది.

అదే కాలమున మదరాసులో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనువారలు కొలాజెన్ నిర్మాణమును ఎక్స్ కిరణములతో శోధించుచుండిరి. తడి ఆరిన స్నాయువులో అధికభాగము ఈ కొలాజెనే. అది మూడు పేటలు పెనవేసిన త్రాడని వారు 1954–55లలో నిరూపించిరి. చాలకాలము నొచ్చిన స్నాయువులను సూక్ష్మదర్శినిలో పెట్టి చూడగా కనబడినది ఈ త్రాళ్ళ అస్తవ్యస్తమే. పోగులు చెదరియున్నవి, వాపునకు గుర్తులైన కణములు బహు స్వల్పము. 1976లో ఇటలీకి చెందిన పుడ్డు దీనిని 'టెండినోసిస్' అని వేరుచేసెను. 1998లో ఆయన, మఫుల్లి, ఖాన్ కలసి పాత పేరు విడువుడని వ్రాసిరి. వాపు బొత్తిగా లేదనుట సరికాదనియు, ముఖ్యముగా తొలిదశలో కొంత ఉండవచ్చుననియు తరువాతి పరిశోధనలు చెప్పుచున్నవి.

పేరు మారగా వైద్యమును మారెను. 1998లోనే స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్‌సన్, మడమ స్నాయువు నొచ్చి పరుగు మానిన 15 మందిచే మెట్టు అంచున నిలిచి మడమను మెల్లగా దించు వ్యాయామము చేయించెను. రోజుకు రెండుమార్లు, 12 వారములు, నొప్పి ఉన్నను సరే. అందరును మరల పరుగెత్తిరి. 2010లో ప్రకటితమైన ఒక సమీక్ష, మోచేతి నొప్పికి స్టీరాయిడు సూది కొన్ని వారములు మేలుచేసి, తరువాత సూది వేయనివారికంటె వెనుకబడునట్లు చేయునని తేల్చెను.

స్నాయువు కోలుకొనుట నిదానము. 1950, 60లలో అణ్వస్త్ర పరీక్షలవలన గాలిలో చేరిన కార్బన్-14ను ఆధారముగా గొని డేనిష్ శాస్త్రజ్ఞులు 2013లో చూపినదేమనగా, మడమ స్నాయువు నడిమి భాగము సుమారు 17 ఏండ్ల వయస్సు తరువాత దాదాపు మారదు. కనుక క్రమముగా బరువు పెంచుచు నెలల తరబడి ఓపిక పట్టవలెను. నాట్ల కూలి మాత్రము కొద్ది వారములలో ముగిసిపోవును. ఆ పన్నెండు వారములు చేయి తగ్గించి పని చేయుమన్నచో ఆ ఇంట కూలి డబ్బులకు లోటు ఎవరు తీర్తురో వైద్యుని చీటిలో ఉండదు.