ప్రవక్తల పచ్చిక బయళ్లు: వాగ్దానం నుంచి ఆత్మీయ దీవెన దాకా

క్రీ.పూ. 597లో యెరూషలేము నుంచి బబులోను చెరకు తరలిపోయినవాళ్లలో యెహెజ్కేలు అనే యాజకుడు ఉన్నాడు. కొన్నేళ్లకు నగరం కూలిపోయిందన్న కబురు చెరలోని వాళ్లకు చేరింది. ఆయన గ్రంథంలో కాపరుల అధ్యాయం, అంటే 34వది, ఆ కబురు తర్వాతే వస్తుంది.

అక్కడ కాపరులంటే పాలకులు. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే బబులోను రాజు హమ్మురాబి తన శాసనంలో తాను ప్రజలకు కాపరినని చాటుకున్నాడు. యెహెజ్కేలు చూపించిన కాపరులు మాత్రం ఉన్ని కప్పుకుని, కొవ్విన గొర్రెలను కోసుకుతిని, గాయపడ్డవాటికి కట్టయినా కట్టనివాళ్లు. ఇక దేవుడే స్వయంగా మందను మేపుతాడని, అదనుకు వాన కురిపిస్తాడని ప్రవక్త మాటిచ్చాడు. వాన తప్పితే మేత దొరకని యూదయ కొండల వాళ్లకు అది బతుకు మీద భరోసా.

ఆత్మీయ అర్థానికి బీజం ప్రవక్తల్లోనే ఉంది. దొంగతనం చేసిన ఆకానును రాళ్లతో కొట్టి చంపిన చోటు ఆకోరు లోయ. హోషేయ దాన్ని నిరీక్షణ ద్వారమన్నాడు. యెషయా 65వ అధ్యాయంలో అదే లోయ పశువులు పడుకునే చోటవుతుంది. శాపం తగిలిన నేల మేతభూమిగా మారుతుందంటే, అది క్షమాపణ గురించిన మాట కూడా.

యోహాను సువార్తలో యేసు తానే మంచి కాపరినన్నాక ఈ బీజం మొలకెత్తింది. సిరియాలోని దూరా యూరోపోస్‌లో 3వ శతాబ్దపు బాప్తిస్మపు గది బయటపడింది. తొట్టి వెనుక గోడ మీద గొర్రెను భుజాన మోస్తున్న కాపరి బొమ్మ ఉంది. అలెగ్జాండ్రియా పండితులు ప్రవచనాల్లో ఆత్మీయార్థాన్ని వెతికారు. అంతియొకయ సంప్రదాయానికి చెందిన థియోడోర్ వాటిలో చాలా మాటలు చెర నుంచి తిరిగొచ్చిన ప్రజల గురించేనన్నాడు. యెహెజ్కేలు 34 మీద ప్రసంగించిన అగస్టీన్‌కు ఇశ్రాయేలు కొండల మీది మేత లేఖనాలే. ఉన్ని అంటే ప్రజలిచ్చే గౌరవమన్నాడు. ఆ గౌరవం కోసమే మందను కాసే బోధకులను గట్టిగా మందలించాడు. దీనికి భిన్నంగా, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు ఇశ్రాయేలుకిచ్చిన వాగ్దానాలను అక్షరార్థంగానే తీసుకోవాలన్న వాదాన్ని బాగా వ్యాప్తి చేసింది.

మన తెలుగు సంఘాల్లోనూ పాస్టరు గారిని సంఘకాపరి అంటాం, దీవెనల వాన కోసం ప్రార్థిస్తాం. ఆ ప్రార్థన మంచిదే. కానీ యెహెజ్కేలు 34లో వాన కన్నా ముందు తీర్పు ఉంది. బలిసిన గొర్రెలు మేత తిని మిగిలింది తొక్కేస్తాయి, నీళ్లు తాగి మిగతావి కాళ్లతో కలకలు చేస్తాయి, బక్కవాటిని భుజాలతో నెట్టేస్తాయి. దేవుడు బక్కవాటి పక్షాన నిలబడ్డాకే వాన మాట వస్తుంది. దీవెనను ఆత్మీయంగా చదువుదాం, న్యాయాన్ని వదలకుండా చదువుదాం. ఈసారి వాన వచనం చదివేముందు ఆ అధ్యాయాన్ని మొదటినుంచీ చదవండి.