వనపర్తి దళంలో ఆఫ్రికా

హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కనే ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికా సంతతి గుర్రపు దళం, కాపురమున్న చోటు కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. ఆ దళం పుట్టుకకు మూలం వనపర్తి సంస్థానంలో ఉంది. ఈ సంగతి ఆ సంస్థానం ఉన్న పాలమూరులోనే, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే, చాలామందికి తెలియదు.

19వ శతాబ్దం నడిమి కాలంలో వనపర్తిని ఏలిన మొదటి రామేశ్వరరావు రెండు పేరుమోసిన దళాలను పోషించాడు. ఒకటి బైసన్ దళం. రెండోది హబ్షీలు, సిద్దీలు అని దక్కనులో పిలిచే ఆఫ్రికా సంతతి సిపాయిల అంగరక్షక దళం. తర్వాత ఈ హబ్షీ సిపాయిలు నిజాం కొలువులో చేరారు. రాజధానిలో వారి బలగం గుర్రపు దళంగా స్థిరపడి, నిజాం ఊరేగింపులకు ముందు వెనకలు కాచింది.

ఒక చిన్న సంస్థానాధీశుడికి అంత దూరపు ఖండం మనుషులతో ఏం పని?

ఆనాటి పాలన తీరులోనే దీనికి జవాబు ఉంది. నేటి జోగుళాంబ గద్వాల జిల్లాలో గద్వాల సంస్థానం, నాగర్‌కర్నూల్ జిల్లాలో కొల్లాపురం రాజధానిగా జటప్రోలు సంస్థానం, వాటి నడుమ వనపర్తి. ఈ మూడు సంస్థానాల రాజులూ నిజాంకు పేష్కష్, అంటే కప్పం, కట్టేవారు. నిజామేమో ఇంగ్లీషువారితో 1798లో చేసుకున్న ఒప్పందం నాటినుంచి వారి సైన్యం నీడలో ఉన్నాడు. ఇన్ని అంతస్తుల అధికారం కింద రాజు పరువు సొంత బలగంతోనే నిలిచేది. దాయాదుల తగాదాలు, పొరుగు సంస్థానాలతో సరిహద్దు గొడవలు ఎప్పుడూ రగులుతుండేవి. ఊళ్లో చుట్టరికాలు లేని సిపాయి ఏ దాయాది పక్షానా చేరడు. తనను పోషించే ప్రభువే అతనికి దిక్కు. దక్కను పాలకులు హబ్షీలను అంతగా నమ్మడానికి ఇదొక ముఖ్య కారణం.

ఆ నమ్మకం వనపర్తితో మొదలైనది కాదు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారుతూ అహ్మద్‌నగర్ చేరిన మాలిక్ అంబర్ ఆ రాజ్యానికే పెద్దదిక్కై, 1626లో చనిపోయేదాకా మొగలులను నిలువరించాడు. ఆయన 1610లో కట్టించిన ఖడ్కీ పట్టణమే తర్వాత ఔరంగాబాద్ అయింది. ఇంకా దగ్గరి ఉదాహరణ ఆదోని. గద్వాల నుంచి తుంగభద్ర దాటి దక్షిణంగా వెళితే వచ్చే ఆ కోటను బీజాపూర్ తరఫున ఏలినవాడు సిద్దీ మసూద్. ఆదోని జామియా మసీదు ఆయన కట్టించిందే. 1688లో ఔరంగజేబు సైన్యం వచ్చి పడేదాకా కోట ఆయన చేతిలో ఉంది.

అయితే ఈ ఘనత వెనక పెద్ద దుఃఖం ఉంది. హబ్షీలలో నావికులుగా, సిపాయిలుగా తమంతట తాము వచ్చినవారు కొందరే. చాలామంది తూర్పు ఆఫ్రికా పల్లెల నుంచి పట్టుబడి, అమ్ముడై, అరబ్బు ఓడల్లో పశ్చిమ తీరపు రేవులకు చేరినవారు. ఇంగ్లండు 1807లో బానిస వ్యాపారాన్ని చట్టరీత్యా నిషేధించింది. అయినా జాంజిబార్ బానిసల సంత 1873 దాకా మూతపడలేదు. ఆ తర్వాత పదకొండేళ్లకే ఐరోపా దేశాలు బెర్లిన్‌లో కూర్చుని ఆఫ్రికాను పంచుకునే నియమాలు రాసుకున్నాయి. 1914 నాటికి ఆ ఖండంలో ఇథియోపియా, లైబీరియా తప్ప దాదాపు అంతా పరాయి జెండాల కిందికి వెళ్లింది. సొంత గడ్డ అలా ముక్కలవుతున్న కాలంలోనే హైదరాబాదులో హబ్షీ రౌతులు నిజాం కొలువులో పహరా కాస్తున్నారు.

మనుషులకన్నా చాలా ముందే ఆఫ్రికా పంటలు ఈ నేలకు వచ్చాయి. పాలమూరును బతికించిన జొన్న తొలిసారి సాగయింది తూర్పు సూడాన్ ప్రాంతంలో. సజ్జ సహారా దక్షిణపు అంచుల పంట. తైదలు, అంటే రాగులు, ఇథియోపియా, ఉగాండా ఎత్తు భూములవి. బొబ్బర్లూ ఆ ఖండానివే. ఇవన్నీ వేల ఏళ్ల కిందటే సముద్రం దాటి దక్కను పొలాలకు చేరాయి. ఇవి ఇక్కడ ఇంతగా నాటుకోవడంలో భూగోళానికీ వాటా ఉంది. వాన కొద్దిగా, అదీ కొన్ని నెలలే కురిసే మెట్ట నేల, కోట్ల ఏళ్ల పాత రాయి అరిగి ఏర్పడిన ఎర్ర చెలక అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. ఒకప్పుడు ఈ రెండు భూభాగాలూ గోండ్వానా అనే ఒకే మహాఖండంలో భాగాలు.  వరి ఇంటింటికీ రాకముందు పాలమూరు కూలి జనం జొన్న గట్క, జొన్నరొట్టె తిని పనికి వెళ్లారంటే, ఆ తిండి వెనక ఆఫ్రికా రైతుల ఎంపిక, ఓపిక ఉన్నాయి.

1948 సెప్టెంబరులో హైదరాబాదును భారత్‌లో కలిపిన పోలీసు చర్య జరిగింది. నిజాం సైన్యాలు రద్దయ్యాయి. తరాలుగా కొలువే ఆధారమైన హబ్షీ కుటుంబాలు ఒక్కసారిగా జీతం లేనివయ్యాయి. కొందరు చిన్న ఉద్యోగాల్లో కుదురుకున్నారు. కొందరికి యెమెన్ అరబ్బులతో పాటు తామూ వాయించే మర్ఫా వాద్యం జీవనాధారమైంది. హైదరాబాద్ పెళ్లి బారాత్‌లలో నేటికీ మోగే ఆ దరువు నగరానికి ఆ సిపాయిల వారసులు నిలిపి ఇచ్చిన కళ.

వనపర్తి వంశం ఆఫ్రికాతో బంధాన్ని మరో రూపంలో కొనసాగించింది. 1923లో పుట్టిన మూడో రామేశ్వరరావు స్వతంత్ర భారత విదేశాంగ సేవలో చేరి, 1950ల తొలి సంవత్సరాల్లో నైరోబీలోనూ, తర్వాత గోల్డ్ కోస్ట్, నైజీరియాలకు భారత కమిషనర్‌గానూ పనిచేశారు. వలస పాలన నుంచి ఆ దేశాలు బయటపడేందుకు పెనుగులాడుతున్న రోజులవి. 1957 మార్చి 6న గోల్డ్ కోస్ట్ ఘనాగా స్వతంత్రమైంది. అదే ఏడాది రామేశ్వరరావు మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పూర్వీకుడు ఆఫ్రికా మనుషులను సిపాయిలుగా పెట్టుకున్నాడు. వారసుడు వారి దేశాలకు సాటి దేశపు ప్రతినిధిగా వెళ్లారు. ఈ రెంటి నడుమ నూరేళ్లలో లోకం నడిచిన దూరం చిన్నది కాదు.

వనపర్తి రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది. గద్వాల, కొల్లాపురం కోటల గురించి రాసేవారు విద్వత్ సభలను, చీరలను, మామిడి తోటలను తలుచుకుంటారు. ఈ చరిత్రలో హబ్షీ సిపాయికీ చోటు దక్కాలి. ఏసీ గార్డ్స్‌లో తాతల మాటలు గుర్తున్న పెద్దలు ఇంకా ఉన్నారు. నిజాం కాలపు ఫారసీ, ఉర్దూ కాగితాలు రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారంలో ఉన్నాయి. పాలమూరు విశ్వవిద్యాలయం, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల చరిత్ర ఉపాధ్యాయులు కలిసి ఆ మాటలను, ఆ కాగితాలను ఒకచోట చేర్చాలి. ఆ పెద్దలు ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టాలి.