పట్టణ నిరాశ్రయులకు స్థానిక సహాయ సేవలు (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

పట్టణాల్లో తలదాచుకునే చోటు లేనివారికి, ఉన్న నీడను ఉన్నట్టుండి పోగొట్టుకున్నవారికి బస, భోజనం, వైద్యం, న్యాయ సహాయం అందించే ఏర్పాట్లు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్నాయి. అయితే అవన్నీ ఒక్క చోట దొరకవు. బస సంగతి పురపాలక శాఖ చూస్తుంది. మహిళలు, పిల్లలు, వృద్ధుల బాగోగులు వేరే శాఖలవి. మతిస్థిమితం లేక రోడ్ల మీద తిరిగేవారి బాధ్యత పోలీసులది. ఏ అవసరానికి ఏ గుమ్మం తొక్కాలో తెలియక తిరిగి తిరిగి వదిలేసేవారు ఎందరో. గుమ్మం దొరికాక కూడా చాలాచోట్ల ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘నీ అడ్రసు ఏది?’. ఇల్లు లేని మనిషి దగ్గర లేనిది సరిగ్గా అదే. ఆ చిక్కును దాటే దారులు చట్టాల్లోనూ నిబంధనల్లోనూ ఉన్నాయి.

నిరాశ్రయులు ఎవరు

జనగణన లెక్కలో ఇంటి కప్పు కింద కాక రోడ్ల పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, పెద్ద గొట్టాల్లో, ఫ్లైఓవర్ల కింద, గుళ్ల మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవారు నిరాశ్రయులు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతటా వీరిని లెక్కించినప్పుడు సుమారు 17.7 లక్షల మంది తేలారు. అందులో 9.4 లక్షల మంది పట్టణాల్లో ఉన్నవారు. ఒక్క రాత్రి తీసిన లెక్కకు ఎందరో అందకుండా పోతారు. నిద్రపోయే చోటు రోజుకొకటి మారేవారు, పోలీసులకు భయపడి చీకటిలో ఒదిగేవారు, ఆడపిల్లను వెంటబెట్టుకుని ఎవరికీ కనపడకుండా పడుకునే తల్లులు వారిలో ఉంటారు.

నిరాశ్రయులంటే బిచ్చగాళ్లే అన్న అభిప్రాయం బలంగా ఉంది, అది తప్పు. పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీలు, చిత్తుకాగితాలు ఏరేవారు, పెళ్లిళ్లలో వడ్డనకు వెళ్లేవారు, బండ్లు లాగేవారు వీరిలో ఉన్నారు. పని ఉంటుంది, కానీ వచ్చే కూలి గది అద్దెకు చాలదు. ఊళ్ల నుంచి పెద్దాసుపత్రికి రోగిని తీసుకొచ్చి వారాల తరబడి వరండాల్లో పడుకునే బంధువులు కూడా ఆ కొన్నాళ్లూ నిరాశ్రయులే.

షెల్టర్లు

ఆహార హక్కు కేసులో భాగంగా 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు పట్టణాల్లో రాత్రి బసల తీరును మార్చాయి. ఢిల్లీ చలిలో ఒక తాత్కాలిక బసను కూల్చేయడంతో మొదలైన ఆ విచారణ తర్వాత ఇతర రాష్ట్రాలకూ విస్తరించింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు లక్ష జనాభాకు ఒక శాశ్వత షెల్టర్ ఉండాలన్నాయి. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, నీళ్లు, మరుగుదొడ్లు, సామాను దాచుకునే వీలు ఉండాలి. ఏడాది పొడుగునా, పగలూ రాత్రీ తలుపులు తెరిచే ఉండాలి. ఈ చివరి నిబంధన చాలా ముఖ్యం. రాత్రి పనిచేసే హమాలీకి నిద్రపట్టేది పగలే, జ్వరంతో ఉన్న ముసలాయనను తెల్లవారగానే బయటికి పంపలేరు.

రెండు రాష్ట్రాల్లోనూ ఈ పనిని నడిపించేది మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ. హైదరాబాద్‌లో నగరపాలక యంత్రాంగం చూస్తుంది. రోజువారీ నిర్వహణ చాలాచోట్ల స్వచ్ఛంద సంస్థల చేతిలో ఉంటుంది. మగవారికి, ఆడవారికి విడివిడిగా షెల్టర్లు ఉంటాయి. కొన్ని పెద్దాసుపత్రుల పక్కన రోగుల బంధువుల కోసం కట్టినవీ ఉన్నాయి. మన ఊళ్లో షెల్టర్ ఎక్కడుందో తెలుసుకోవాలంటే మున్సిపల్ ఆఫీసులోని మెప్మా విభాగాన్ని గానీ, పొదుపు సంఘాలతో పనిచేసే ఆర్పీలను (రిసోర్స్ పర్సన్లను) గానీ అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయంలోనూ విచారించవచ్చు. కుటుంబమంతా కలిసి ఉండగల షెల్టర్లు అరుదు. భర్త ఒక చోట, భార్యాపిల్లలు మరో చోట ఉండాల్సి వస్తుందని ఫుట్‌పాత్ మీదే ఉండిపోయే కుటుంబాలు ఉంటాయి. వారిని మొండివాళ్లని తీసిపారేయడం అన్యాయం.

ఎవరికి ఏ దారి

ఇంట్లోంచి గెంటేసిన స్త్రీ 181కి ఫోన్ చేయవచ్చు. జిల్లాల్లోని సఖి కేంద్రాలు తాత్కాలిక బసతో పాటు వైద్యం, పోలీసు, న్యాయ సహాయం కలిపి చూస్తాయి. అంతకంటే ఎక్కువ కాలం ఆశ్రయం కావాలంటే శక్తి సదన్‌లు ఉన్నాయి. ఒంటరిగా కనిపించిన పిల్లల కోసం 1098. దొరికిన బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతుంది. జాలిపడి ఆ బిడ్డను ఎవరో ఇంటికి తీసుకుపోయి పెంచుకోవడం చట్టం ఒప్పదు.

వృద్ధుల కోసం ఎల్డర్‌లైన్ నంబరు 14567. దేశమంతా వ్యాపించిన ఈ సేవ మొదట హైదరాబాద్‌లోనే పుట్టింది. పిల్లలు వదిలేసిన తల్లిదండ్రులు 2007 నాటి చట్టం కింద ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌లో భరణం కోరవచ్చు. లాయరును పెట్టుకునే పని లేదు. ఇతర కేసుల్లో ఉచిత న్యాయ సహాయం కావలసినవారు 15100కి ఫోన్ చేయవచ్చు, లేదా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు.

మతిస్థిమితం లేక తిరిగేవారి విషయంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా ఉంది. తన పరిధిలో అలాంటి మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా దగ్గరలోని ప్రభుత్వ వైద్యశాలకు చేర్చడం స్టేషన్ అధికారి విధి. లాకప్‌లో పెట్టకూడదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రులు ఇందుకు ఉన్నాయి. చూసినవారు 112కి ఫోన్ చేస్తే చాలు.

భోజనానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. హైదరాబాద్‌లో 2014లో మొదలైన 5 రూపాయల భోజనం ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్ల పేరుతో నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలై మధ్యలో మూతబడిన అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. కార్డు చూపమని అడగకపోవడమే వీటి గొప్పతనం.

తోలుకుపోవడం

ఆశ్రయం పేరుతో బలవంతం జరిగిన సందర్భాలున్నాయి. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సుకు ముందు భిక్షాటనను నిషేధించి, వీధుల్లో ఉన్నవారిని జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. ఉమ్మడి రాష్ట్రంలో 1977లో వచ్చిన భిక్షాటన నిరోధక చట్టం అలాంటి చర్యలకు ఆసరా. ఒకసారి వ్యానెక్కించబడినవారు షెల్టర్ మనిషి వచ్చి రమ్మన్నా నమ్మరు. మళ్లీ మళ్లీ వెళ్లి, పేరు పెట్టి పలకరించి, టీ తాగించి మాట్లాడితే తప్ప ఆ నమ్మకం తిరిగి రాదు. ఈ పనికి తగినంతమంది సిబ్బందిని ఇవ్వకుండా షెల్టర్లు ఖాళీగా ఉన్నాయని అనడం సరికాదు.

చిరునామా లేకుండానే

ఆధార్‌కు కాగితాలేవీ లేనివారికి గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకుడు, తహసీల్దారు, కార్పొరేటర్ వంటివారు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం సరిపోతుంది. షెల్టర్‌లో పేరు నమోదు చేసుకోవడం వల్ల కలిగే అసలు లాభం ఇక్కడే ఉంది. పడుకోవడానికి చాపతో పాటు కాగితం మీద ఒక చోటు కూడా దొరుకుతుంది. పింఛను, బ్యాంకు ఖాతా, ఆసుపత్రి పథకాల వైపు అక్కడి నుంచే నడవాలి.

ఓటుకు అడ్రసు రుజువు లేకపోయినా అడ్డు కాదు. దరఖాస్తులో తాను పడుకునే చోటు రాస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వెళ్లి ఆ మనిషి నిజంగా అక్కడే నిద్రపోతున్నాడని నిర్ధారించుకుని పేరు చేర్చాలని ఎన్నికల సంఘం నిబంధన.

రేషన్ కార్డు సొంత ఊళ్లో ఉండి, మనిషి పట్నంలో ఉన్నా ఆహార భద్రతా చట్టం కింద వచ్చే బియ్యం వదులుకోనక్కర్లేదు. రాష్ట్రాల మధ్య ఈ వెసులుబాటును 2019లో దేశంలో మొదట ప్రయోగించిన జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు పనికి వచ్చిన కూలీ దగ్గరలోని చౌకధరల దుకాణంలో వేలిముద్ర వేసి తన వాటా తీసుకోవచ్చు. డీలరు ఇవ్వనంటే, తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోనూ కలెక్టరేట్లలో సోమవారమే అర్జీలు తీసుకుంటారు. అర్జీ ఇచ్చాక రసీదు అడిగి తీసుకోవాలి.