కుర్క్యాల శాసనమునందలి కందము: యతి, ప్రాసము, పదావృత్తి

నన్నయభట్టారకునకుఁ బూర్వము తెలుఁగునఁ బద్యరచన లేదనువారికి శాసనములే ప్రత్యుత్తరము. క్రీ. శ. 848 ప్రాంతమునాఁటి అద్దంకి పండరంగని శాసనమునఁ దరువోజయు, బెజవాడ యుద్ధమల్లుని శాసనమున మధ్యాక్కరలును గలవు. ఇవి దేశిచ్ఛందములు. కందమట్టిది కాదు. అది ప్రాకృతమున స్కంధకము, సంస్కృతమున ఆర్యాగీతి. అన్యదేశమునుండి వచ్చిన యీ ఛందము మన భాషలో నెట్లు కుదురుకొన్నదో తెలుపు సాక్ష్యము కరీంనగరు జిల్లా గంగాధర సమీపమునఁ గుర్క్యాల బొమ్మలగుట్టపై నున్నది.

క్రీ. శ. 945 ప్రాంతమునఁ గన్నడ మహాకవి పంపని తమ్ముఁడగు జినవల్లభుఁడు ఆ గుట్టపై జినబింబములను, చక్రేశ్వరీ ప్రతిమను జెక్కించి, సంస్కృత కన్నడాంధ్రభాషలలో శాసనము వేయించెను. వేములవాడ చాళుక్యుఁడు రెండవ అరికేసరి పంపనికి ధర్మపురి నగ్రహారముగా నిచ్చిన వృత్తాంతమును నిందుఁ గలదు. తెలుఁగుభాగము మూఁడు కందపద్యములు.

కందమునందు గణములు చతుర్మాత్రకములు. 1, 3 పాదములకు మూఁడేసియు, 2, 4 పాదములకు నైదేసియు గణములుండును. వెరసి 64 మాత్రలు. బేసిగణము జగణము కారాదు, ఆఱవగణము జగణమో నలమో కావలయును, అర్ధాంతమున గురువుండవలయును. ఇంతవఱకు నార్యాగీతియే. దీనిపైఁ జేరినవి రెండు: ద్వితీయాక్షరప్రాసము, 2, 4 పాదములందు నాల్గవగణాద్యక్షరమున యతి. ప్రాసము కన్నడమునకును సమానధర్మము. యతియన్ననో సంస్కృతమున విరామమాత్రము, తెలుఁగున నక్షరమైత్రి. కావున నొక ప్రాచీనకందము తెలుఁగు మర్యాదను బాటించినదా లేదా యనుటకు యతియే గీటురాయి.

ఇఁక మొదటిపద్యముఁ బరిశీలింతము. జినాలయనిర్మాణము, జినార్చన, మునులకన్నదానము అనువానియందు జినవల్లభునిఁ బోలినవారు గలరా యనునది భావము. ఇందు ‘జిన’ శబ్దము సమాసపూర్వపదముగా నైదుమాఱులు వచ్చినది. అది వచ్చిన తావులను జూడుఁడు: 1, 2, 4 పాదాదులందును, 2, 4 పాదముల యతిస్థానములందును. ‘జి’ యతిని నిలుపుచున్నది. ‘న’ ప్రాసమును నిలుపుచున్నది. రెండక్షరముల యొక్క పదమే రెండు నియమములను మోయుచున్నది. మూఁడవపాదమున నీ పదము లేదు. అచట రెండవపాదాంతమున మొదలైన క్రియాపదము విఱిగి మూఁడవపాదములోనికి సాఁగి నకారప్రాసమును దీర్చినది. నాలుగు పాదములును లఘువుతోనే మొదలైనవి. 2, 4 పాదముల మూఁడవగణము, అనఁగా నర్ధమున నాఱవది, ఒకచో జగణము, ఒకచో నలము.

ఇది పునరుక్తిదోషము కాదా యని యాక్షేపింపవచ్చును. కాదు. అర్థమొకటే యైనను బ్రతిసమాసమునందు నన్వయము వేఱు. ఆలంకారికులు దీనిని లాటానుప్రాసమందురు. పైఁగా దైవనామమే దాత పేరిటి కాదియగుటచే, నా యావృత్తి దేవునినుండి దాతయొద్దకు శ్రోతను నడిపించుచున్నది. మూఁడవపద్యమున ‘క్క’ యను ద్విత్వప్రాసమును, ‘గుణ’ శబ్దావృత్తియు నీ కవికిట్టి కూర్పు యాదృచ్ఛికము కాదని చాటుచున్నవి.

ఇట్టి నేర్పు తొలియత్నమున నలవడునది కాదు. దానివెనుక నెందఱి యభ్యాసమో యుండవలయును. రాజరాజనరేంద్రుని రాజ్యకాలము 1022 మొదలు 1061 వఱకు. అంతకు ముప్పాతిక శతాబ్దమునకుఁ బూర్వమే తెలంగాణపు బండపైఁ గందము తెలుఁగుఁగందమై నిలిచియున్నది. ఇందుచే నన్నయ గౌరవమునకు లోటులేదు: ఆయన కావ్యమార్గమునకు నిర్మాత, కందమునకుఁ గాఁడు. పాఠశాలలందుఁ గందలక్షణము బోధించు పండితులు తొలియుదాహరణముగా నీ శాసనపద్యమునే గణవిభజన చేయించినచో, ఛందస్సుతోఁబాటు చరిత్రమును బాలురకుఁ బట్టువడఁగలదు.