అంబాసిడర్ కారు ఇంజను పునరుద్ధరణ

అంబాసిడర్ కారు ఇంజను పునరుద్ధరణ అనగా హిందుస్తాన్ మోటార్స్ సంస్థ తయారు చేసిన పాత అంబాసిడర్ కార్లలోని పెట్రోలు ఇంజనును, అది అమరి ఉండే బానెట్టు కింది అరను విప్పి, శుభ్రపరచి, కొలతలు తీసి, అరిగిన భాగాలను బాగుచేసి తిరిగి పూర్వస్థితికి తీసుకువచ్చే పని. ఇందులో అధికభాగం ఇంటి వద్ద మామూలు పనిముట్లతో చేయదగినదే. లోహాన్ని కోసే, సానపట్టే పనులను మాత్రం లేతు షాపులో చేయించవలసి ఉంటుంది. ఈ కారు తయారీ 2014లో నిలిచిపోయినందున ఇంజను దిమ్మ (బ్లాకు) వంటి పెద్ద భాగాలు కొత్తవి తయారు కావడం లేదు. అందువలన ఏ భాగాన్ని ఉంచాలి, ఏ భాగాన్ని కోయాలి అన్న నిర్ణయాన్ని అలవాటును బట్టి కాక కొలతను బట్టి తీసుకోవడం ఈ పనిలో ముఖ్యమైన అంశం.

ఇంజను వివరాలు

అంబాసిడర్ కారు బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా రూపొందినది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 1950ల చివరి నుండి 2014 మే నెల వరకు తయారయినది. ఆంధ్రప్రదేశ్‌తో సహా దేశమంతటా ప్రభుత్వ అధికారుల కారుగానూ, టాక్సీగానూ దశాబ్దాల పాటు వాడుకలో ఉన్నది. 1990లలో ఇసుజు ఇంజన్లు వచ్చేవరకు ఈ కార్లలో ప్రధానంగా కనిపించిన పెట్రోలు ఇంజను 1489 ఘన సెంటీమీటర్ల బి-సిరీస్ ఇంజను. దీనిని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించినది. ఈ వ్యాసం ఆ ఇంజనుకు సంబంధించినది.

ఇది నాలుగు సిలిండర్ల ఇంజను. దిమ్మ, హెడ్డు రెండూ పోత ఇనుముతో చేసినవే. సిలిండరు వ్యాసం సుమారు 73 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణించే దూరం సుమారు 89 మిల్లీమీటర్లు. వ్యాసం కంటే ప్రయాణం ఎక్కువ కావడం వలన తక్కువ వేగంలోనే మంచి లాగుడు శక్తి ఉంటుంది. కామ్ షాఫ్టు దిమ్మలోనే ఉండి, పొడవైన కడ్డీల ద్వారా పైనున్న వాల్వులను తెరుస్తుంది. క్రాంకు షాఫ్టుకు మూడు ప్రధాన బేరింగులు ఉంటాయి.

ఎం.జి.ఎ., ఎం.జి.బి. అనే బ్రిటిషు స్పోర్ట్స్ కార్ల ఇంజన్లు కూడా ఈ కుటుంబానివే. కనుక వాటి గురించి వచ్చిన పుస్తకాలు అంబాసిడర్ యజమానులకు కొంతవరకు ఉపయోగపడతాయి. అయితే ఎం.జి.బి. ఇంజను 1798 ఘన సెంటీమీటర్లది. దాని పిస్టన్లు దీనికి పట్టవు.

తొలి బి-సిరీస్ ఇంజన్లలో క్రాంకు షాఫ్టు వెనుక చివర రబ్బరు సీలు ఉండదు. షాఫ్టు మీద చెక్కిన మరచుట్టు వంటి గాడి నూనెను వెనక్కు నెడుతుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు అక్కడి నుండి కొద్దిగా నూనె చుక్కలు పడటం సహజం. ఈ ఒక్క కారణంతో ఇంజను దింపడం అనవసరం.

విప్పక ముందు చేయవలసిన పరీక్షలు

ఇంజను తిరుగుతున్న స్థితిలో ఉంటే ముందుగా నాలుగు సిలిండర్లలోని పీడనాన్ని కొలవాలి. ఇంజనును వేడిచేసి, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి ఉంచి, సెల్ఫుతో తిప్పుతూ ఒక్కొక్క సిలిండరు వద్ద మీటరు పెట్టి చూస్తారు. అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నది ముఖ్యం. పది శాతానికి మించిన తేడా ఉంటే కారణం వెతకాలి. తక్కువ పీడనం చూపిన సిలిండరులో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ కొలిస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. పీడనం పెరిగితే లోపం రింగులలో గాని బోరులో గాని ఉన్నట్లు. పెరగకపోతే వాల్వులలో గాని హెడ్డు గాస్కెట్టులో గాని ఉన్నట్లు. పొగ వస్తున్నది గనుక బోరు చేయించాలి అని వెంటనే తేల్చేవారు ఈ చిన్న పరీక్ష చేయరు. వాల్వు గైడులు అరిగినా నీలి పొగే వస్తుంది.

ఏళ్ల తరబడి నిలిచిపోయి బిగుసుకుపోయిన ఇంజనును గేరులో వేసి కారు తోసి తిప్పడానికి ప్రయత్నించరాదు. రింగులు విరుగుతాయి. ప్లగ్గులు తీసి, తుప్పు వదిలించే పలుచని నూనె పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, క్రాంకు షాఫ్టు ముందు నట్టును స్పానరుతో అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపాలి.

విప్పడం

ఈ ఇంజను బరువు సుమారు ఒకటిన్నర క్వింటాళ్లు. ఇంట్లో దింపేవారు చైను కప్పీని ఇంటి దూలానికి కట్టడం కనిపిస్తుంది. ఆ దూలం ఇంతటి బరువుకు ఉద్దేశించినది కాదు. అద్దెకు దొరికే ఇంజను క్రేను గాని, గట్టి ఇనుప ముక్కాలి గాని వాడటం క్షేమం. పని మొదలుపెట్టక ముందే బ్యాటరీ తీగలు తీయాలి, పెట్రోలు ట్యాంకు నుండి వచ్చే గొట్టాన్ని మూయాలి. పాత బ్రిటిషు కార్లు కొన్నింటిలో బ్యాటరీ పాజిటివ్ తీగే బాడీకి కలిపి ఉండేది. ఏ తీగ బాడీకి కలిసి ఉన్నదో చూసి రాసుకోకపోతే తిరిగి బిగించేటప్పుడు డైనమో, రేడియో వంటివి పాడయ్యే ప్రమాదం ఉన్నది.

ప్రతి దశలో ఫోటోలు తీయడం, ప్రతి తీగకు చీటీ కట్టడం, బోల్టులను విడివిడి డబ్బాలలో వేయడం తప్పనిసరి. వాల్వులు, తోపుడు కడ్డీలు, ట్యాపెట్లు, బేరింగు మూతలు ఏ స్థానంలోనివి ఆ స్థానంలోకే తిరిగి వెళ్లాలి. అవి ఒకదానితో ఒకటి అరిగి జత కుదిరినవి. అట్టముక్కకు ఎనిమిది రంధ్రాలు చేసి అంకెలు వేసి, తోపుడు కడ్డీలను అందులో గుచ్చి ఉంచడం తేలికైన పద్ధతి.

పాత గాస్కెట్లలోనూ, క్లచ్చు పళ్లెంలోనూ ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. వాటిని పొడిగా గీకడం, గాలి కొట్టి దులపడం ఊపిరితిత్తులకు హానికరం. నీటితో తడిపి, ముక్కుకు తగిన మాస్కు కట్టుకొని తీయాలి. కాస్టిక్ సోడా మరుగునీటిలో ఇనుప భాగాల జిడ్డు బాగా వదులుతుంది గాని, కార్బొరేటరు వంటి మెత్తని లోహపు భాగాలను అందులో వేస్తే అవి తినివేయబడతాయి. వాటికి కిరోసిన్, కుంచె చాలు.

కొలతలు, లేతు పని

ఈ ఇంజను కొలతలన్నీ అంగుళాలలో ఉంటాయి. అంగుళంలో వెయ్యవ వంతును మెకానిక్కులు 'థౌ' అంటారు. ఒక థౌ సుమారు 0.025 మిల్లీమీటర్లు. మనిషి వెంట్రుక మందం రెండు మూడు థౌలు ఉంటుంది.

సిలిండరు అన్నిచోట్లా సమానంగా అరగదు. పై రింగు ఆగే చోటు కింద ఎక్కువగానూ, అడుగున అతి తక్కువగానూ అరుగుతుంది. పిస్టను పక్కకు ఒత్తే దిశలో అరుగుదల మరికొంత ఎక్కువ. కనుక పైన, మధ్యలో, కింద రెండేసి దిశలలో, అంటే ఒక్కొక్క బోరుకు ఆరు కొలతలు తీయాలి. అరుగుదల సుమారు 8 నుండి 10 థౌ దాటితే బోరు చేయించక తప్పదని సాధారణంగా పాటించే లెక్క. అంతకంటే బాగా తక్కువగా ఉంటే బోరు గోడల మీద ఏటవాలు గీతలు పడేలా రాపిడి చేసి కొత్త రింగులు వేస్తే సరిపోవచ్చు. అయితే బోరు పైఅంచున అరగకుండా మిగిలిన గట్టును ముందు తీసివేయాలి. పాత రింగు అంచు అరిగి ఆ గట్టును తప్పించుకుంటుంది. కొత్త రింగు దానికి తగిలి విరుగుతుంది.

బోరు చేయించడమంటే దిమ్మలోని లోహాన్ని శాశ్వతంగా కోల్పోవడం. పిస్టన్లు సాధారణంగా 10, 20, 30, 40 థౌల పెద్ద సైజులలో వస్తాయి. 40 దాటిన తరువాత స్లీవు (లోపలి గొట్టం) దిగగొట్టించడమే మార్గం. 10 థౌతో సరిపోయే చోట "ఒకేసారి శుభ్రంగా" అని 30 థౌ కోయించడం వలన ఆ దిమ్మకు మిగిలిన రెండు అవకాశాలు పోతాయి. పిస్టన్లు ముందుగా కొని, వాటిని కొలిచి, ఆ కొలతకు బోరు చేయించాలి. ముందు బోరు చేయించి తరువాత పిస్టన్ల కోసం వెదకడం తలకిందుల పని. పాత కార్ల విడిభాగాలు దొరికే కొద్దీ కొనవలసినవి గనుక ఈ వరుస మరింత అవసరం.

రింగును పిస్టనుకు ఎక్కించక ముందు విడిగా బోరులో పెట్టి రెండు కొనల మధ్య సందును చూడాలి. అంగుళం వ్యాసానికి 3 నుండి 4 థౌ చొప్పున ఈ ఇంజనుకు సుమారు 9 నుండి 11 థౌ సందు ఉండాలి. సందు లేకపోతే వేడికి రింగు వ్యాకోచించి బోరును గీరుతుంది.

క్రాంకు షాఫ్టు మెడలు గుండ్రదనం కోల్పోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయేమో మైక్రోమీటరుతో చూడాలి. సానపట్టించిన షాఫ్టుకు అంతే తగ్గింపు గల బేరింగు రేకులు వేస్తారు. ఆ సైజు రేకు వెనుక ముద్రించి ఉంటుంది. హెడ్డులో వాల్వు పీఠాల మధ్య పగుళ్లు ఈ కుటుంబపు ఇంజన్లలో తరచుగా కనిపించే లోపం. కనుక వాల్వు పనికి డబ్బు ఖర్చు పెట్టక ముందే పగుళ్ల పరీక్ష చేయించాలి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఇటువంటి లేతు పనులు చేసే దుకాణాలు ఉన్నవి. దుకాణానికి ఇచ్చే ముందు, తీసుకున్న తరువాత కూడా యజమాని స్వయంగా కొలవడం మంచిది.

భారతదేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 సంవత్సరంలో పూర్తిగా నిలిచిపోయినది. సీసం వాల్వు పీఠాల మీద పొరలా నిలిచి వాటిని కాపాడేది. అది లేకపోవడం వలన పోత ఇనుప పీఠాలు క్రమంగా లోపలికి అరుగుతాయి. హెడ్డు విప్పినప్పుడే గట్టి లోహపు పీఠాలు వేయించడం ఇందుకు పరిష్కారం. 2023 నుండి 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు రావడంతో పాత రబ్బరు గొట్టాలు, పంపు పొరలు, కార్క్ గాస్కెట్లు కూడా మార్చవలసి వస్తున్నది.

ఇంజను అర

ఇంజను దింపిన తరువాతనే ఈ అరను చక్కగా చూడగలుగుతాము. తుప్పు ఎక్కువగా బ్యాటరీ పళ్లెం కింద ఉంటుంది. వంట సోడా కలిపిన నీటితో ఆమ్లాన్ని విరిచి, కడిగి, ఆరబెట్టి, తుప్పు గీకి, ప్రైమరు వేసి ఆ తరువాతనే రంగు వేయాలి. తుప్పు మీద వేసిన రంగు ఒక్క వానకాలం కూడా నిలవదు. అసలు రంగు ఏదో తెలుసుకోవడానికి బిళ్లల వెనుక, బ్రాకెట్ల కింద జిడ్డు తుడిచి చూడాలి. అన్నింటినీ తళతళలాడే నలుపుతో నింపడం చూడటానికి బాగున్నా, అది పునరుద్ధరణ అనిపించుకోదు. ఇంజను నంబరు ఉన్న చోట సానపట్టరాదు, మందంగా రంగు పూయరాదు.

బిగింపు, తొలి స్టార్టు

హెడ్డు నట్లను మధ్య నుండి అంచులకు, రెండు మూడు విడతలుగా, టార్కు స్పానరుతో బిగించాలి. ట్యాపెట్ల సందును సరిచేయడానికి 'తొమ్మిది లెక్క' ఉన్నది. వాల్వులను ముందు నుండి 1 నుండి 8 వరకు లెక్కిస్తే, ఎనిమిదవ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటవ దానిని, ఆరవది తెరుచుకున్నప్పుడు మూడవ దానిని సరిచేయాలి. రెండు అంకెల మొత్తం ఎప్పుడూ తొమ్మిదే. ప్లగ్గులు మండే వరుస 1-3-4-2.

మొదటిసారి ప్లగ్గులు లేకుండా సెల్ఫుతో తిప్పి, ఆయిలు పీడనం వచ్చిందని నిర్ధారించుకున్న తరువాతే ప్లగ్గులు బిగించి స్టార్టు చేయాలి. కొత్త కామ్ షాఫ్టు, ట్యాపెట్లు వేసి ఉంటే ఐడిలింగులో వదలకుండా నిమిషానికి సుమారు 2000 చుట్ల వేగంతో ఇరవై నిమిషాలు నడపాలి. ఇటువంటి ట్యాపెట్లకు జింకు పాలు తగినంత ఉన్న ఆయిలు అవసరం. ఆధునిక కార్ల ఆయిళ్లు చాలావాటిలో అది తగ్గించబడినది.

నమోదుకు సంబంధించిన నియమాలు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం నమోదు పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. ఇంజను మొత్తంగా మార్చితే రవాణా శాఖ కార్యాలయంలో ఆ సంగతి నమోదు చేయించాలి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చినది. మొదటి నమోదు నుండి యాభై ఏళ్లు నిండి, చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలు వీటి కిందకు వస్తాయి. వాటికి 'వి.ఎ.' అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, కాలపరిమితి పది సంవత్సరాలు. డీజిలు ఇంజను గాని, వేరొక కంపెనీ ఇంజను గాని ఎక్కించిన అంబాసిడర్‌కు ఈ గుర్తింపు పొందడం కష్టం. అటువంటి మార్పులు జరిగిన కార్లు టాక్సీలుగా నడిచిన వాటిలో చాలా ఉన్నవి. పాత కారు కొనేవారు బానెట్టు ఎత్తి, ఇంజను మీది నంబరును నమోదు పత్రంతో సరిపోల్చుకున్న తరువాతనే పునరుద్ధరణ ఖర్చుల లెక్క వేసుకోవాలి.