కోతుల చావు ముందే చెప్పింది: క్యాసనూర్ అడవి జ్వరం కథ



సెలవులకి ఇంటికి పోతే మనకి చెప్పే మొదటి పని ఆవు చెవుల్లో గోమార్లు ఏరడం. కొన్ని ఊళ్ళలో పిడుదులంటారు. ఏరి, రాయి మీద నలిపేసి మర్చిపోతాం. ఆ పురుగుకీ ఒక చరిత్ర ఉందని హాస్టల్‌లో చదువుతుంటే తెలిసింది. అందులో మనలాంటోళ్ళే ఉన్నారు, అందుకే రాస్తున్నాం.

1957వ సంవత్సరం. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా, సొరబ తాలూకా. క్యాసనూర్ అడవిలో కొండముచ్చులు, కోతులు వరసగా చచ్చి పడ్డాయి. అదే రోజుల్లో కట్టెలకి, పశువుల వెంట అడవికి పోయినోళ్ళు జ్వరంతో మంచం పట్టారు. విపరీతమైన తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, కొందరికి రక్తం పడటం. జ్వరం తగ్గిందనుకున్నాక కొందరికి మళ్ళీ తిరగబెట్టి మెదడు మీద దెబ్బ కొట్టేది. చేతులు వణికేవి, మెడ బిగుసుకునేది, మాట తడబడేది. అక్కడి జనం దీన్ని 'మంగన కాయిలె' అన్నారు, అంటే కోతి జబ్బు.

పూణే వైరస్ పరిశోధన కేంద్రం వాళ్ళు వచ్చారు. ఎల్లో ఫీవర్ దేశంలోకి వచ్చిందేమోనని మొదట కంగారుపడ్డారు. చివరికి దొరికింది ఒక కొత్త వైరస్, మోసేది పిడుదు. దీని చుట్టం రష్యాలో ఉంది. 1937లో సోవియట్ తూర్పు అడవుల్లో మెదడువాపు వస్తుంటే, లెవ్ జిల్బర్ బృందం అది కూడా పిడుదుల వల్లే అని తేల్చింది.

కొత్త జబ్బుకి అడవి పేరే పెట్టారు. మరి తప్పు అడవిదా? అడవిని నరికి పొలాలు చేశారు, అంచుల్లో పశువుల మేత పెరిగింది, వాటి రక్తం తాగి పిడుదులూ పెరిగాయి అని తర్వాత పరిశోధకులే రాశారు. దెబ్బ మాత్రం అడవిలో పనిచేసేవాళ్ళకి తగిలింది. 2012లో బందీపూర్ దగ్గర చచ్చిన కోతుల్ని తగలబెట్టిన పనివాళ్ళకి ఈ జ్వరం వచ్చింది. 2015లో కేరళ వయనాడ్‌లో జబ్బుపడ్డవాళ్ళలో చాలామంది ఆదివాసీలు.

మన దగ్గర ఈ జబ్బు ఉందని భయపెట్టడానికి కాదు ఈ పోస్ట్. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. కానీ దీనికి ప్రత్యేకమైన మందు లేదు, వచ్చినవాళ్ళలో నూటికి ముగ్గురి నుంచి ఐదుగురు దాకా చనిపోతారు. ఎక్కువగా వచ్చేది ఎండాకాలం ముగిసేలోపే. మనం ఇప్పపువ్వుకి, తునికాకుకి పోయేదీ ఆ రోజుల్లోనే.

క్యాసనూర్‌లో చచ్చిన కోతుల్ని ముందు చూసింది డాక్టర్లు కాదు, ఊరివాళ్ళు. రేపు మన అడవిలో కోతులు గుంపుగా చచ్చి కనిపిస్తే ముట్టుకోవద్దు, వెంటనే ఆశా అక్కకో పీహెచ్‌సీకో చెప్పండి. అడవి నుంచి వచ్చాక ఒళ్ళంతా చూసుకుని వేడినీళ్ళతో స్నానం చేయండి. ఇంట్లో చదువురాని అమ్మానాన్నలకి ఇది మన మాటల్లో చెప్పండి. కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం మనమే. మనం చెప్పకపోతే వాళ్ళకి ఎవరు చెబుతారు?